కాళేశ్వరం, సిరోంచ: రెండు నదుల దగ్గర ఒక రోజు

పోయినేడు దాతల సమావేశంలో ఒక పెద్దాయన మమ్మల్ని నేరుగానే అడిగారు. "మాస్టర్ సాబ్, ఫీజులకు అడిగితే ఇస్తాం, పుస్తకాలకు అడిగితే ఇస్తాం. బస్సు మాట్లాడుకొని నదులు చూసి రావడానికి కూడా మేమే ఇయ్యాల్నా?" ఆ రోజు మేము సరైన జవాబు చెప్పలేకపోయాం. ఏడాదికోసారి మన పిల్లలను, వాళ్లతోపాటు ఇల్లు కదలని కొందరు పెద్దవాళ్లను తీసుకొని కాళేశ్వరం సంగమానికి, అక్కడినుంచి నది దాటి సిరోంచకు వెళ్లి వస్తున్నాం. ఆ రోజు ఎలా గడుస్తుందో, ఏం చూస్తామో, ఏం తింటామో, ఎక్కడ భయపడతామో ఇక్కడ రాస్తున్నాం. పెద్దాయన ప్రశ్నకు ఇదే మా జవాబు. ఇంటివాళ్లతో మీరు వెళ్లాలనుకున్నా పనికొస్తుంది.

వరంగల్‌లో చెరువులకు కొదువ లేదు. ఊళ్లోనే భద్రకాళి, వడ్డేపల్లి చెరువులు. కొంచెం దూరం పోతే పాకాల, రామప్ప, లక్నవరం. అన్నీ నిలిచిన నీళ్లే. పారే పెద్ద నది మాత్రం మన ఊరికి లేదు. నదుల పాఠం మొదలుపెట్టే ముందు "మీలో గోదావరిని ఎందరు చూశారు?" అని అడిగితే తరగతిలో ఐదారు చేతులు లేస్తాయి. అవి కూడా రైల్లోంచో బస్సులోంచో చూసినవాళ్లవి. 1,465 కిలోమీటర్లు పారే నది మనకు మూడు గంటల దూరంలో ఉంది. పిల్లలకు అది మ్యాపులో నీలం గీత.

ముందు కాలం సంగతి. డిసెంబరు, జనవరి మేలు. వానాకాలంలో నది ఒడ్డు మీదికి వస్తుంది, మార్చి దాటితే ఇసుక కాలుతుంది. కార్తీక మాసంలోనూ శివరాత్రికీ కాళేశ్వరం భక్తులతో కిక్కిరిసి ఉంటుంది. మనం వెళ్లి వాళ్లకు అడ్డం పడడం న్యాయం కాదు. మేడారం జాతర జరిగే ఏడు జనవరి ఆఖరు, ఫిబ్రవరి మొదటి వారాలు ఈ దారిలో బండ్లు కదలవు. మేము రెండో శనివారం పెట్టుకుంటాం. బడికి సెలవు, మర్నాడు ఆదివారం కాబట్టి పెద్దవాళ్లు ఒళ్లు నొప్పులు తీర్చుకోవచ్చు.

ఫజర్ నమాజు కాగానే బస్సు కదలాలి. ఆత్మకూరు, పరకాల, రేగొండ, భూపాలపల్లి, కాటారం, మహదేవపూర్ మీదుగా సుమారు 120 కిలోమీటర్లు. సొంత బండి లేనివాళ్లకు హన్మకొండ నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. దారిలో గణపురం కోటగుళ్లు, రేగొండ దగ్గర పాండవుల గుట్ట ఉన్నాయి గాని ఈ ప్రయాణంలో వాటికి దిగొద్దు. మొదటిసారి మేము ఆ ఆశకు పోయి, నది దగ్గరికి చేరేసరికి పన్నెండు దాటింది. ఎండ, ఆకలి, చిరాకు. ఆ తొందరలో జరిగినదాని గురించి ముందు చెప్తాం. చేల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కిటికీలోంచి కనిపిస్తాయి. మన ఇళ్లలో బల్బు వెలిగేది భూపాలపల్లి బొగ్గుతోనే అని పిల్లలకు చెప్తే ఆ రెండు నిమిషాలు నిద్ర లేస్తారు. తర్వాత అడవి మొదలవుతుంది.

మహదేవపూర్‌లో పది నిమిషాలు ఆగండి. ఇది దసలి పట్టుకు పేరున్న ఊరు. మల్బరీ పట్టులా ఇంట్లో తట్టల్లో పెంచే పురుగు కాదిది. అడవిలో మద్ది చెట్ల మీద ఆకు తిని గూడు కడుతుంది. ఆ కాయలు ఏరి తెచ్చి, ఉడకబెట్టి, దారం తీసి నేస్తారు. బట్టకు సహజంగానే తేనెరంగు ఉంటుంది. కొనకపోయినా సరే, పట్టుకాయ ఒకటి పిల్లల చేతిలో పెట్టండి. చెవి దగ్గర ఊపితే లోపల పురుగు కదిలే చప్పుడు వింటారు.

పొద్దున తిండి ఇంటినుంచే. వరంగల్ సర్వప్ప ఇలాంటి ప్రయాణానికే పుట్టింది: బియ్యప్పిండి, పల్లీలు, శనగపప్పు, ఉల్లికాడలు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చింది సాయంత్రం దాకా చెడిపోదు, చేతికి నూనె తప్ప ఏమీ అంటదు. కాళేశ్వరం ఒడ్డున మేము శాకాహారమే తింటాం. గుడి ఉన్న ఒడ్డున మాంసం డబ్బా మూత తీయకూడదని మొదటి ఏడే అనుకున్నాం. ఎవరూ మమ్మల్ని అడగలేదు, అడిగించుకోవాల్సిన మాట కూడా కాదది.

కాళేశ్వరంలో ముక్తేశ్వర స్వామి గుడి ఉంది. ఒకే పానవట్టం మీద రెండు లింగాలుండడం ఇక్కడి విశేషం: ఒకటి యముడి పేర కాళేశ్వరుడు, రెండోది శివుడు ముక్తేశ్వరుడు. శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం, ఈ మూడు లింగాల నడుమ నేల త్రిలింగ దేశమైందని, తెలుగు అన్న మాట దాన్నుంచే వచ్చిందని ఒక సంప్రదాయం. భాషా పండితులు దీన్ని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మనం మాట్లాడే భాష పేరు కథలో ఈ ఊరు ఒక మూల అని పిల్లలు తెలుసుకోవాలి. మాతో వచ్చే హిందూ ఉపాధ్యాయులు దర్శనానికి వెళ్లి వస్తారు, మేము పిల్లలతో బయట గోపురం నీడలో కూర్చుంటాం. 2025 మేలో ఇక్కడ సరస్వతీ పుష్కరాలు జరిగాయి. గోదావరి, ప్రాణహితతో పాటు కంటికి కనబడని సరస్వతి ఇక్కడ కలుస్తుందని నమ్మకం.

గుడి నుంచి ఘాటుకు నడిచాక, చూడవలసినది అసలు అక్కడుంది. పడమటినుంచి గోదావరి వస్తుంది, ఉత్తరాన్నుంచి ప్రాణహిత. మేము మెట్ల మీద కూర్చోబెట్టి పిల్లలను ఒకటే అడుగుతాం: ఏది పెద్దది? పేరున్న నదే పెద్దదని అందరూ గోదావరి వైపు చెయ్యి చూపిస్తారు. కాసేపు చూడమంటాం. మహారాష్ట్రలోనూ మన దగ్గరా ఆనకట్టలు దాటుకుంటూ, ఎండాకాలానికి గోదావరి ఇక్కడికి చిక్కిపోయి చేరుతుంది. వార్ధా, వైన్‌గంగా కలిసి ఏర్పడ్డ ప్రాణహిత తన పేరుతో పారేది నూటపదమూడు కిలోమీటర్లే. కాని గోదావరి పరీవాహక ప్రాంతంలో మూడో వంతు దానిదే. నాగపూర్ దిక్కున పడ్డ వాన ఇటే రావాలి. భద్రాచలం దగ్గరా రాజమహేంద్రవరం దగ్గరా జనం చూసే గోదావరిలో చాలా భాగం ప్రాణహిత పెట్టిన భిక్షే. ఈ మాట అర్థమైనప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. తరగతి గదిలో ఇరవై ఏళ్లు చెప్పినా మాకు రాని నిశ్శబ్దం అది.

ఇక నీళ్ల సంగతి. దీన్ని నిదానంగా చదవమని మనవి.

మొదటి ఏడు ఆలస్యంగా చేరామన్నాం కదా. పిల్లలు బస్సు దిగుతూనే నీళ్లలోకి పరుగెత్తారు. మేము ముగ్గురం పెద్దవాళ్లను దింపుతూ, సామాన్లు లెక్కపెడుతూ ఉన్నాం. మోకాలి లోతు నీళ్లు, ప్రశాంతంగా ఉన్నాయి, ఏమవుతుందిలే అనుకున్నాం. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఇంకో రెండడుగులు వేశాడు, తల కనిపించలేదు. అరుపు కూడా రాలేదు. దగ్గరలో వల సర్దుకుంటున్న ఒకాయన పడవ మీదినుంచి గడకర్ర చాచి, చొక్కా పట్టి లాగాడు. "గాడ గుంత ఉంది సార్. మీరు జూస్తే ఎర్కగాదు. పోరగాండ్లను ఒదిలిపెట్టి మీరేం జేస్తున్నరు?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. మాకు మాత్రం ఆ చొక్కా కాలరు ఇంకా కళ్లముందే ఉంది.

ఇసుక నది అడుగు సమంగా ఉండదు. వరద వేగంగా వచ్చినప్పుడు రాళ్ల వెనక, మలుపుల్లో ఇసుకను తవ్వుకుపోతుంది. నీళ్లు తగ్గాక ఆ గుంతలు అలాగే ఉండిపోతాయి, పైన నీరు అద్దంలా ఉంటుంది. మనుషులు ఇసుక తీసిన చోట అంచు నిట్టనిలువుగా ఉంటుంది. కాలు పెట్టగానే తడి ఇసుక జారి మనిషిని లోపలికే తోస్తుంది. ఈత వచ్చినవాడు కూడా ఆ క్షణంలో ఊపిరి సిద్ధం చేసుకోడు. 2025 జూన్‌లో ఇక్కడికి కొద్ది దూరంలో, మేడిగడ్డ దగ్గర గోదావరిలో దిగిన ఆరుగురు యువకులు చనిపోయారు. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోవడం ఇలాంటి ప్రమాదాల్లో ఎప్పుడూ జరిగేదే.

అందుకే మా నియమాలు కఠినం. ఘాటు మెట్లు దాటి ఎవరూ దిగరు. తల మీద నీళ్లు పోసుకోవాలంటే చెంబుతో మెట్టు మీదే. ఐదుగురు పిల్లలకు ఒక పెద్ద మనిషి, ఆ ఐదుగురి పేర్లు ఆయన జేబులో. మూత గట్టిగా బిగించిన ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బాకు ఇరవై గజాల తాడు కట్టి ఘాటు దగ్గర ఉంచుతాం. ఎవరైనా మునుగుతుంటే దూకకూడదు, డబ్బా విసరాలి, పట్టుకున్నాక లాగాలి. బస్సు ఎక్కేముందే పిల్లలతో బడి మైదానంలో రెండుసార్లు విసిరించి చూస్తాం. ఖర్చు తాడుది మాత్రమే.

పదకొండుకు కాళేశ్వరం వదలాలి. ఊరు దాటగానే గోదావరి మీద పొడుగాటి వంతెన, అవతల మహారాష్ట్ర. 2016లో ఈ వంతెన తెరవక ముందు నాటు పడవలే దిక్కు. వంతెన మీద బండి ఆపొద్దు, ఎంత ముచ్చటైనా సరే. దాటాక కొద్ది కిలోమీటర్లలో ప్రాణహిత ఎడమ ఒడ్డున సిరోంచ ఊరు.

సిరోంచలో మొదట కనిపించేది బోర్డులు: దేవనాగరి లిపి, మరాఠీ. మొదట వినిపించేది తెలుగు. గడ్చిరోలి జిల్లాలో ఇది దక్షిణపు చివర. జిల్లా కేంద్రం సుమారు రెండు వందల కిలోమీటర్లు. మనకు వరంగల్, మంచిర్యాల దగ్గర. మందులకు, పెళ్లి బట్టలకు ఇక్కడివాళ్లు మన వైపే వస్తారు. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, అడవి పల్లెల్లో గోండి. మన పిల్లలు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మధ్య నలుగుతున్నామని అనుకుంటారు. ఇక్కడ టీ కొట్టు కుర్రవాడు నాలుగు భాషల్లో లెక్క చెప్పడం వింటే కొంచెం తగ్గుతారు.

టీతో పోహా తినండి. మన అటుకులే, కాని ఇది విదర్భ పద్ధతి: పసుపు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పైన సేవ్, నిమ్మరసం. వంతెనకు అటు ఇడ్లీ, బొండా, ఇటు పోహా. సరిహద్దు గీత కనపడకపోయినా నాలుకకు తెలుస్తుంది.

ఇంత ప్రశాంతమైన ఊరు ఒకప్పుడు జిల్లా కేంద్రం అంటే నమ్మబుద్ధి కాదు. 1860లో నిజాం ప్రభుత్వం గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న ఈ తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు అప్పగించింది. వాళ్లు ఎగువ గోదావరి జిల్లా అని పెట్టి సిరోంచను కేంద్రం చేశారు. కారణం పత్తి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్, సముద్రంనుంచి గోదావరి మీదుగా ప్రాణహిత, వార్ధా దాకా పడవలు నడిపి నాగపూర్, బేరార్ పత్తిని కిందికి దించాలన్నాడు. దారిలో మూడు చోట్ల రాతి అడ్డంకులున్నాయి: దుమ్ముగూడెం దగ్గర ఒకటి, సిరోంచకు దిగువన ఇచ్చంపల్లి దగ్గర రెండోది, పైన ప్రాణహితలో మూడోది. వాటిని దాటించడానికి కాలువలు, లాకులు మొదలుపెట్టారు. ఈలోగా 1867లో బొంబాయినుంచి నాగపూర్‌కు రైలు వచ్చేసింది. అడవి జ్వరాలకు కూలీలు తట్టుకోలేకపోయారు. 1871లో పని ఆపేశారు, 1874లో జిల్లానే తీసేశారు. రేవుపట్నం కావలసిన ఊరు అలా తాలూకా ఊరిగా మిగిలింది. ఆనాటి గుర్తుగా బ్రిటిష్ కాలపు విశ్రాంతి గృహం ఉంది. ప్రాణహిత ఒడ్డున ఈ కథ చెప్తుంటే పోయినేడు ఒక అమ్మాయి అడిగింది, "మరి రైలు రాకపోయుంటే?" ఇలాంటి ప్రశ్న కోసమే మేము ఇంత దూరం వస్తాం.

ఇంకా పాత కథ ఇక్కడి రాళ్లలో ఉంది. సిరోంచ పక్కనున్న కోట అనే పల్లె పేరుతోనే భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి రాతి పొరను కోట ఫార్మేషన్ అంటారు. ఇందులో జురాసిక్ కాలపు డైనోసార్ల ఎముకలు దొరికాయి. సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర దొరికినదానికి బారాపాసారస్ టాగోరై అని పేరు: బెంగాలీలో బారా పా అంటే పెద్ద కాలు, టాగోరై రవీంద్రుడి శతజయంతి జ్ఞాపకం. దాన్ని కలకత్తాలో నిలబెట్టారు. దాని చుట్టం కోటాసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. వడధం దగ్గర అటవీశాఖ ఫాసిల్ పార్కు కూడా ఉంది గాని ఒక్క రోజులో అక్కడికీ పోదామనుకుంటే నది పోతుంది.

ఊళ్లో వలీ హైదర్ షా దర్గా ఉంది. జుహర్ వేళకు అటు వెళ్లి, నమాజు చేసుకొని, చెట్టు నీడ చూసి దస్తర్‌ఖాన్ పరుస్తాం.

భోజనం గురించి మా అనుభవం ఇది. బిర్యానీ వద్దు. పెరుగు, తడి ఉన్న అన్నం మూతపెట్టి ఆరేడు గంటలు బస్సులో ఊగితే ఏమవుతుందో మా ఒక ఏడు ప్రయాణికులను అడగండి. తహరీ మంచిది: బియ్యం, ఆలుగడ్డ, పసుపు, గరం మసాలా, బాగా ఉడికిన మటన్, నీళ్లు పూర్తిగా ఇంకిపోయేదాకా దమ్ము. తెల్లవారుజామున మూడింటికి డేగ్చా పొయ్యి మీదికెక్కితే, ఆరిన తర్వాత డబ్బాల్లోకి సర్దుతారు. ఖట్టా తేవద్దు, ఒలుకుతుంది. టమాటా చట్నీ, ఉడికిన గుడ్లు, కోయని ఉల్లిపాయలు చాలు. మోదుగాకు విస్తర్లు తెస్తే తిన్న తర్వాత నది ఒడ్డున ప్లాస్టిక్ మిగలదు. ఇంటివాళ్లు నలుగురైదుగురే వెళ్లేటట్లైతే చేపలు కొని ఏదైనా చిన్న హోటల్లో పులుసు పెట్టించుకోవచ్చు. మేమొకసారి అలా తిన్నాం, రవ్వ చేప, చింతపండు పులుసు. నలభై మంది పిల్లలతో మాత్రం ముళ్లు తీసి పెట్టడానికి మన చేతులు చాలవు.

మూడు గంటలకు ప్రాణహిత ఒడ్డుకు. ఇక్కడ చెయ్యడానికేమీ లేదు, కూర్చోవడమే. అవతలి ఒడ్డు మంచిర్యాల జిల్లా. మేడిగడ్డ బరాజు దిగువన ఉంది. 2019 జూన్ 21న ప్రారంభించారు, 2023 అక్టోబరు 21న పియర్లు కుంగాయి. అక్కడికి వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు, లోపలికి అనుమతి ఉండదు. కాని ఈ ఒడ్డు రైతులతో మాట్లాడితే ఆ కథ ఇంకో వైపునుంచి వినొచ్చు. వెనక నీళ్లు పొలాల్లోకి వచ్చి పంట పోయిందని వాళ్లు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. మనకు నీళ్లు తెచ్చే పని అవతలివాడికి ఏం చేసిందో పిల్లలు వినాలి. మేము వ్యాఖ్యానం చేయం.

పోయినేడు మండీబజారు నుంచి ఒక ఖాలా వచ్చారు. డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పి. బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను పెంచారు. వరంగల్ దాటి ఆమె చూసింది హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి ఒక్కటే. ఒడ్డున కుర్చీ వేసి కూర్చోబెట్టాం. గంటసేపు మాట్లాడలేదు. తర్వాత పక్కనున్న పిల్లను అడిగారు, "బేటీ, ఈ నీళ్లు రాత్రి కూడా పోతనే ఉంటయా?" పోతాయని ఆ పిల్ల చెప్పింది. ఎక్కడికి పోతాయో, ఏ ఊళ్లు దాటి ఏ సముద్రంలో కలుస్తాయో పొద్దున విన్న పాఠమంతా ఖాలాకు అప్పజెప్పింది. మేము పెట్టే ఏ పరీక్షలోనూ ఆ పిల్లకు మంచి మార్కులు రాలేదు.

నాలుగున్నరకు తల లెక్క పెట్టి బస్సు కదలాలి. అడవి దారి చీకటి పడకముందే దాటడం మంచిది. మగ్రిబ్‌కు భూపాలపల్లి, ఇషాకు ఇల్లు. పెద్దవాళ్లున్న బస్సులో వెనక రెండు సీట్లు ఖాళీగా ఉంచండి, పడుకోవడానికి. మోకాళ్ల నూనె, వాంతుల మాత్రలు, అదనంగా రెండు దుప్పట్లు ముందు పెట్టెలో. ఈ ఏడు కూడా జనవరి రెండో శనివారమే అనుకుంటున్నాం. తమ ఇంట్లో నదిని చూడని అమ్మీలు, నానీలు ఉన్నవాళ్లు డిసెంబరు ఆఖరులోగా ఆఫీసులో పేరు చెప్పండి, కిటికీ పక్క సీట్లు ముందు వాళ్లకే.